ఒకే రంగు అంగీ



జూన్ మాసములో మన గ్రామములందు దర్జీకి తీరిక యుండదు. ప్రైవేటు పాఠశాలలో బిడ్డను చేర్చినవారు బడిజీతముతోబాటు యూనిఫారమునకును బూట్లకును అప్పుచేయుట మనమెరుగుదుము. పిల్లలందరు ఒకే వస్త్రము ధరించినయెడల కలిమిలేముల భేదము పోవునని చెప్పుదురు. ఇది నిజమేనా?

ఇంగ్లండు దేశపు సంగతి యొకటి ఆలోచింతము. బిషప్పు నికొలాస్ రిడ్లీ లండను నగరపు బీదలను గూర్చి ప్రసంగింపగా బాలుడైన ఆరవ ఎడ్వర్డు రాజు మనస్సు కదలెను. 1552లో, సన్యాసులు విడిచిన ఒక మఠమునందు క్రైస్ట్స్ హాస్పిటల్ అను పాఠశాల తెరవబడెను. పేరు ఆసుపత్రివలె నున్నను అది దిక్కులేని పిల్లలకు ఆశ్రయము. మొదట చేరినవారు సుమారు 380 మంది. వారికి పొడుగైన నీలి అంగీ, నడికట్టు, పసుపుపచ్చని మేజోళ్లు ఇచ్చిరి. ఆ కాలమున నీలిరంగు చవుకది. ఆ అంగీని వీధిలో చూచినవారెల్లరు, వీరు ధర్మముపై బ్రదుకు పిల్లలని గురుతుపట్టెడివారు.

1902లో ఆ పాఠశాల లండను విడిచి హార్షము చేరినను అంగీ మారలేదు. 2011 ప్రాంతమున దీనిని మార్చుదుమాయని విద్యార్థులనే అడుగగా, నూటికి తొంబదిమందికి పైగా వద్దనిరి. బీదతనపు గురుతు గౌరవపు గురుతాయెను. ఎట్లు? ఆ గుడ్డలో మహిమ యేదియు లేదు. అంగీతోబాటు అన్నము, పడక, చదువు కూడ ఇచ్చిరి. నేటికిని అక్కడ ఆ వస్త్రములు విద్యార్థులకు ఉచితము; జీతము కుటుంబపు శక్తినిబట్టి. వస్త్రము ఇచ్చినచోట అది బిడ్డను కప్పును. కొనితెచ్చినగాని లోనికి రారాదన్నచోట అదే కంచె యగును.

పరుల తప్పు చెప్పుటకు ముందు మా తప్పు చెప్పుకొందుము. ఒక ఆదివారము ఒక చిన్నవాడు బడి యూనిఫారముతోనే ఆరాధనకు వచ్చెను. "ఇది బడి కాదురా, మంచి బట్టలు కట్టుకొని రావలదా?" అని మేము గద్దించితిమి. వాడు తల వంచుకొనెను. ఆరాధన ముగిసిన పిమ్మట వాని తల్లి మెల్లగా, "అయ్యగారూ, చిరగని బట్ట వాడికదొక్కటేనండి. రాత్రి ఉతికి ఆరేసి తొడిగాను" అనెను. యాకోబు పత్రిక రెండవ అధ్యాయముపై ఎన్నిసారులో ప్రసంగించినవారమే మేము! ఆమెకు బదులు చెప్పలేకపోతిమి.

కాబట్టి, ఒకే రంగు బట్ట భేదమును కొన్ని గంటలు దాచునేగాని తీసివేయదు. సాయంకాలము బడిగంటతో అది మరల బయటపడును. దానిని తీసివేయవలసినది మనము. హన్నా తన కుమారునికి ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. పిల్లవాడు ఎదుగుచున్నాడని ఆమె మరువలేదు. మన వీధిలో యూనిఫారము లేక ఇంటనున్న బిడ్డ ఎవరు? మన పిల్లలకు పొట్టియైనవాటిని ఉతికి, బొత్తాములు కుట్టి, చాటుగా ఆ తల్లి చేతికిత్తము. చందాల పట్టీలో చదివింపనక్కరలేదు. ఎవరిచ్చిరో ఆ బిడ్డకు తెలియనక్కరలేదు.

ప్రభువు మనకట్టి మనస్సు ననుగ్రహించును గాక.