పేరు రాని పని వృథాయేనా?

పోయిన ఏడాది ఆర్నెల్లు కూర్చుని రాసిన మాడ్యూల్‌కి డెమో రోజున వేరేవాళ్ల పేరు పడింది. అప్పట్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

గీజాలోని గ్రేట్ పిరమిడ్ అనగానే ఖుఫూ రాజు పేరే చెప్తాం. సుమారు 4,600 ఏళ్ల నాటి కట్టడం, దాదాపు 23 లక్షల రాళ్లు. అందులో ఒక్కటైనా ఆయన మోశాడా?

2013లో ఎర్ర సముద్రం ఒడ్డున, వాది అల్ జర్ఫ్‌లో కొన్ని పాపిరస్‌లు దొరికాయి. మేరేర్ అనే జట్టు నాయకుడి రోజువారీ లెక్కలవి. దాదాపు 40 మంది తూరా గనుల్లో సున్నపురాయి పడవకెక్కించారు, నైలు మీదుగా గీజాకి చేర్చారు, మళ్లీ తూరాకి వెళ్లారు. అచ్చం నా టైమ్‌షీటే! గొప్పలేం లేవు. రాయి చేరిందా లేదా, అంతే.

నా పని కూడా వృథా కాలేదు, ఆ మాడ్యూల్ ఈరోజుకీ నడుస్తోంది. కానీ ఒక్కటి. 'పేరు ఆశించొద్దు' అని మనకి మనం చెప్పుకుంటే అది సాధన. ఇంకొకరి కష్టం మీద పేరు వేసుకున్నవాడు చెప్తే అది మోసం.

ఈసారి డెమోలో మొదటి స్లైడ్ మీదే మా జూనియర్ పేరు పెట్టాను. మీ టీమ్‌లో రాళ్లు మోస్తున్నదెవరో మీరూ ఒకసారి చూడండి.