జెబదాయి పడవలోనే ఉన్నాడు



మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సును 2014లో 60కి, 2022లో 62కి పెంచారు. ఎంత పెంచినా ఆ రోజు రాక మానదు. శాలువా, పూలదండ, నాలుగు మంచి మాటలు, ఒక గోడ గడియారం. మర్నాడు కాఫీ తాగి, పేపరు ఆఖరి పుట దాకా చదివినా ఆ గడియారంలో తొమ్మిది కాదు. అప్పుడు మనసులో ఒక ప్రశ్న మెదులుతుంది. ఇక నేను ఎవరికి కావాలి?

ఈ ప్రశ్నతో కాకినాడ పక్కనున్న ఉప్పాడ దాకా ఒకసారి వెళ్ళివద్దాం. అక్కడి వారికి పదవీ విరమణ అన్న మాటతో పెద్దగా పనిలేదు. ఊళ్ళో ఉన్నవి రెండే పెద్ద పనులు, వేట, నేత. అల మీదికి పడవ తోయలేని వయస్సు వచ్చిన జాలరి ఒడ్డున వల ముందేసుకుని కూర్చుంటాడు. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా! పడవలకు, వలలకు మరమ్మతులు జరిగేది అప్పుడే. ఎక్కడ చిరిగిందో, ఎందుకు చిరిగిందో ముసలి చేతులకు తెలిసినట్టు పడుచు చేతులకు తెలియదు.

నేతపనీ అంతే. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీ చీర మీద పువ్వు అచ్చు వేసింది కాదు. పడుగు పోగుల మధ్య అదనపు పోగును చేత్తో ఇముడ్చుతూ పువ్వును నేస్తారు. పనితనాన్ని బట్టి ఒక్కో చీరకు వారాలు, నెలలు పడుతుంది. మగ్గం గుంటలోకి దిగలేని వయస్సులో పెద్దమ్మలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడతారు. ఆ కండె లేకపోతే మగ్గం ఆగిపోతుంది.

ఇదంతా విని ముచ్చటపడి ఊరుకోవడం అన్యాయమే అవుతుంది. వారిలో చాలామంది పనిచేసేది కాలక్షేపానికి కాదు, కూటికి. జాలరులకు, నేతన్నలకు 50 ఏళ్ళకే పింఛను ఇస్తున్నారంటే ఆ పనులు ఒంటిని ఎంత త్వరగా అరగదీస్తాయో గ్రహించాలి. 2024 జూలైలో ఆ పింఛను 4,000 రూపాయలు అయింది. మందులకు పోను ఎంత మిగులుతుందో మీకు తెలుసు. నెలనెలా బ్యాంకులో పింఛను పడే మనం, ఏమీ తోచడం లేదని విసుక్కునే ముందు వారిని ఒక్కసారి తలచుకుంటే మంచిది.

వల అనగానే సువార్తలోని ఒక తండ్రి గుర్తుకు వస్తాడు. యాకోబు, యోహానులు తండ్రి జెబదాయితో కలసి పడవలో వలలు బాగుచేసుకుంటూ ఉండగా ప్రభువు పిలిచాడు. కొడుకులిద్దరూ వెంటనే లేచి వెళ్ళారు. జెబదాయి కూలివాండ్రతో పడవలోనే మిగిలిపోయాడు. ఆ శిష్యులిద్దరి గురించి ఎన్ని ప్రసంగాలు విన్నామో! ఆ తండ్రి గురించి ఎన్ని విన్నాం? ఆయన అడ్డుపడినట్టు గాని, గోల చేసినట్టు గాని సువార్త చెప్పదు. కొడుకు హైదరాబాదుకో, కూతురు అమెరికాకో వెళ్ళిపోగా పెద్ద ఇంట్లో ఇద్దరే మిగిలిన మన తల్లిదండ్రులకు ఆయన దగ్గరి చుట్టం. పిల్లలు ఎవరి పిలుపు మీద వారు వెళ్ళారు. సగం బాగుచేసిన వల మాత్రం మన ఒడిలోనే ఉంది.

ఆ వల ఏదో మీ ఊరిలోనే వెదకండి. మాస్టారూ, మీ వీధిలో లెక్కలు రాక బడి మానేయబోయే పిల్లవాడు ఒకడైనా ఉంటాడు. గుమాస్తాగా చేసినవారికి దరఖాస్తు రాయడం మంచినీళ్ళ ప్రాయం. అదే దరఖాస్తు కోసం వితంతువు ఒకామె మూడుసార్లు కచేరీ చుట్టూ తిరిగి ఉంటుంది. నర్సమ్మగా చేసినవారు పక్కింటి పెద్దాయనకు రక్తపోటు చూడగలరు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారు ఉద్యోగం వదిలాక దాదాపు నలభై ఏళ్ళు జీవించారు. ఇంగ్లండులోని డార్కింగులో ఉంటూ నేలను లోతుగా తవ్వి పంటలు పండించే ప్రయోగాలు చేశారు. 1899లో కన్నుమూసేనాటికి ఆయన వయస్సు 96.

అయితే తీరిక లేకుండా తిరగడమే గొప్ప అనుకోకండి. ప్రతి సంఘంలో అధ్యక్షుడుగా ఉంటూ ఇంట్లో భార్యతో పది నిమిషాలు కూర్చోని పెద్దలూ ఉన్నారు. అది సేవ అనిపించుకోదు, పాత కుర్చీ మీద బెంగ. దేవాలయంలో ఉపవాస ప్రార్థనలతో గడిపిన అన్నా ప్రవక్తికి 84 ఏళ్ళు. ఆమె చేతిలో ఏ పదవీ లేదు. బాలయేసును గుర్తుపట్టి, ఎదురుచూస్తున్న వారికి ఆమె చెప్పింది. మంచంలో ఉన్న అవ్వ జపమాల పట్టుకుని మనుమల పేర్లు ఒక్కొక్కటే తలుస్తుంటే అదీ కండె చుట్టడం లాంటిదే.

ఇక కొడుకులు, కోడళ్ళకు ఒక మాట. తాతయ్యను పాలప్యాకెట్టుకు, కరెంటు బిల్లుకు, ఇంటి కాపలాకు మాత్రమే పిలిస్తే ఆయనకు పని ఇచ్చినట్టు కాదు. ఒక సంగతిలో ఆయన సలహా అడగండి, అడిగి పాటించండి. పోపు ఫ్రాన్సిసుగారు 2021లో నెలకొల్పిన అవ్వతాతల, వృద్ధుల ప్రపంచ దినం ఏటా జూలై నాలుగవ ఆదివారం వస్తుంది. ఆ రోజు పూజ కాగానే శాలువా కప్పి పంపేయకుండా, మన విచారణలోని పెద్దలను కూర్చోబెట్టి ఎవరికి ఏ పని వచ్చో ఒక నోటుపుస్తకంలో రాయించండి. పక్క పుటలో ఆ పని ఎవరికి అవసరమో రాయండి.