చెవి కూడ ప్రసాదస్థానమే

వీరశైవుడు అన్నమును నేరుగా భుజింపడు. ఇష్టలింగమునకు అర్పించి, ప్రసాదముగా స్వీకరించును. ఈ నియమము నాలుకకు మాత్రమే వర్తించునని పలువురి తలంపు. షట్‌స్థల సిద్ధాంతము అట్లు చెప్పలేదు. ముక్కున ఆచారలింగము, నాలుకపై గురులింగము, కంటియందు శివలింగము, చర్మమున జంగమలింగము, చెవియందు ప్రసాదలింగము, హృదయమున మహాలింగము నెలకొనియున్నవని పెద్దలు వివరించిరి. అనగా కంటితో చూచునది, చెవితో వినునది గూడ ఆహారమే. మద్యమాంసములను గడప త్రొక్కనీయని గృహస్థుడు వార్తల విషయమున అట్టి వివేకమునే చూపుచున్నాడా యనునది నేటి ప్రశ్న.

2025 ఆగస్టు 27వ తేదీ వినాయక చవితి. ఆనాడును, మరునాడును కామారెడ్డి జిల్లాలో కుండపోతగా వర్షము కురిసినది. రాజంపేట మండలములోని అర్గొండలో ఒక్క దినమున 40 సెంటీమీటర్లకు పైగా వర్షపాతము నమోదైనది. రహదారులు కోసుకొనిపోయినవి. రైలు పట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది. 1922లో పూర్తియైన పోచారం ఆనకట్ట తెగునేమోయని దిగువ గ్రామములు వణికినవి. ఆనకట్ట నిలిచినది. ఆ రెండు దినములలో వార్త ప్రాణరక్షకము. ఏ దారి మూసిరో, ఏ వాగు పొంగెనో తెలియక బయలుదేరినవానికి ప్రమాదమే.

అదే జిల్లాలోని గాంధారిలో ఒక ఇల్లాలిని ఊహింతము. కుమారుడు కామారెడ్డిలో చదువుచున్నాడు. అతడు క్షేమమని ఫోనులో తెలిసినది. ఐనను ఆమె టీవీ ఆపలేదు. నీటిలో కొట్టుకొనిపోవు కారును ఇరువదిమార్లు చూచినది. ఆనకట్ట తెగినదని వాట్సాప్‌లో వచ్చిన మాటను నలుగురికి పంపినది. రాత్రి నిద్ర లేదు. తెల్లవారి లింగపూజకు కూర్చున్నను కన్నులయెదుట నీళ్ళే. తెరపై కనబడునది పాత దృశ్యమేయని బుద్ధికి తెలియును. గుండె మాత్రము ప్రతిసారియు క్రొత్తగా అదరును.

ఇది ఆమె ఒక్కతె బలహీనత కాదు. 2013 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ నగరమున మారథాన్ పరుగు జరుగుచుండగా బాంబులు పేలినవి. పరిశోధకులు పిమ్మట విచారింపగా, ఆ వారము దినమునకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలలో మునిగినవారు, ఘటనాస్థలమున ఉన్నవారికన్న ఎక్కువ మానసిక వేదనను తెలిపిరి.

అట్లైన చెవులు మూసికొనుటయే ధర్మమా? కానేకాదు. పరుల దుఃఖము విననొల్లనివాడు శరణుడు కాజాలడు. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు కల్యాణములో బిజ్జలుని కొలువున భండారియై యుండియు, కులము పేర నెట్టివేయబడినవారి మొరను వినెను. విని ఊరకుండలేదు, అనుభవమంటపమున వారికి సమానస్థానము కల్పించెను. విన్నది కాయకముగా, దాసోహముగా మారినది. ఇదియే గీటురాయి.

విన్న వార్త చేతికి పని కల్పించినచో అది ప్రసాదము. వరదబాధితునకు ఇంత బియ్యము, పొరుగువానికి ఒక హెచ్చరిక, ఓటు వేయునాటికి ఒక జ్ఞప్తి, ఇవన్నియు పనులే. చేయి అందని దూరదేశపు దుఃఖమును గూడ ఒకమారు తెలిసికొనవలెను. మనుష్యుడై పుట్టినందులకు అది ఋణము. దానినే పదేపదే చూచుట మాత్రము దయ కాదు. తాను వేదనపడుచున్నాడు గనుక ధర్మము నెరవేరినదని మనస్సు మోసపోవును. కన్నీరు కార్చినవాడు చేయి చాపకయే తృప్తి చెందును.

2020లో కరోనా వ్యాపించినపుడు, దినమునకు ఒకటి రెండు మార్లు, నియమిత వేళలలో, నమ్మదగిన చోటనుండియే వార్తలు తెలిసికొనుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించెను. పూజకు వేళ యెరిగిన వీరశైవులకు ఈ నియమము కష్టము కాదు. ప్రాతఃకాల లింగపూజకు ముందును, రాత్రి పరుండబోవు వేళను వార్తలు వలదు. నిజమని తెలియనిదానిని ఇతరుల చెవిలో వేయరాదు. అది ఎంగిలి వడ్డించుటకన్న హీనము. ఆపద వచ్చిన దినమున ఈ వేళలను సడలించి, ఆపద తీరగానే మరల పాటింపవలెను.

అర్పింపదగినదానినే అంగము స్వీకరింపవలెననునది శరణమార్గము. వార్త విన్న పిమ్మట “ఇందు నా వలన కావలసిన పని యేది?” అని ఒకమారు ప్రశ్నించుకొన్నచో చెవియందలి ప్రసాదలింగము మేల్కొనును. పని యున్నచో లేవవలెను. లేనిచో టీవీ ఆపవలెను.