సంయోగమా, సమవాయమా? కూటమిలో కొనసాగడంపై కలకత్తా వాదాలు

ఒక దేశం ఇతర దేశాలతో కూడిన రాజకీయ కూటమిలో కొనసాగాలా, వైదొలగాలా అన్న ప్రశ్నను సాధారణంగా లాభనష్టాల లెక్కగానే చర్చిస్తారు. కాని ఆ లెక్కకు ముందే తేలవలసిన తాత్విక ప్రశ్న ఒకటుంది, అది ఆ దేశానికీ కూటమికీ మధ్యనున్న సంబంధం ఎటువంటిదన్నది. న్యాయ వైశేషిక దర్శనాలు సంబంధాలను ముఖ్యంగా రెండు తరగతులుగా విభజించాయి. తెలుగువాడైన అన్నంభట్టు రచించి, దేశమంతటా తర్కవిద్యార్థులకు తొలి పాఠంగా నిలిచిన తర్కసంగ్రహం ప్రకారం, విడిగా ఉండజాలని వాటి మధ్యనుండే నిత్యసంబంధం సమవాయం, దారాలకూ వస్త్రానికీ ఉన్నది అటువంటిదే. విడివిడిగా నిలవగల రెండు ద్రవ్యాలు కలిస్తే ఏర్పడేది సంయోగం, అది పుట్టుక కలది, విభాగమనే గుణంచేత నశించేది. బ్రిటిష్ సామ్రాజ్యంతో భారతదేశపు సంబంధం గురించి కలకత్తాలో దాదాపు నాలుగు దశాబ్దాలు సాగిన వాదాలను ఈ భేదం దృష్ట్యా పరిశీలిస్తే, పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే నిర్ణయాలలోని పొందిక తెలుస్తుంది.

1907లో ఆంధ్రదేశంలో పర్యటించి, రాజమహేంద్రవరంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అనువదిస్తుండగా స్వరాజ్యవాదాన్ని ఉపన్యసించిన బిపిన్ చంద్ర పాల్, ఆ తరువాతి దశలో సామ్రాజ్యాన్ని సమాన భాగస్వాముల సమాఖ్యగా మార్చవచ్చునన్న అభిప్రాయానికి వచ్చారు. విజయకృష్ణ గోస్వామి శిష్యుడైన పాల్‌కు బంగాళ వైష్ణవంలోని భేదాభేద దృష్టి, అంటే భేదం చెడకుండానే ఐక్యం సాధ్యమనే దృష్టి, పరాయిది కాదు. ఆ దృష్టి ఉదాత్తమైనదే అయినా రాజకీయానికి అన్వయించేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది: జీవేశ్వర సంబంధంలో జీవుడికి వైదొలగే ప్రసక్తే లేదు, కాని జాతుల కలయికలో ఆ ప్రసక్తిని తోసిపుచ్చితే బలవంతుడి ఇష్టమే తత్వంగా చెలామణీ అవుతుంది.

ఈ చిక్కు 1928 డిసెంబరులో మోతీలాల్ నెహ్రూ అధ్యక్షతన జరిగిన కలకత్తా కాంగ్రెసులో బహిరంగంగా తలెత్తింది. భారత రాజ్యాంగానికి ముసాయిదాగా రూపొందిన నెహ్రూ నివేదిక కోరినది అధినివేశ ప్రతిపత్తి, అనగా కెనడా, ఆస్ట్రేలియాల వలె బ్రిటిష్ రాజుకు విధేయంగా ఉంటూనే స్వపరిపాలన చేసుకునే హోదా. 1929 డిసెంబరు 31లోగా బ్రిటిష్ పార్లమెంటు ఆ నివేదికను ఆమోదిస్తే కాంగ్రెసు అంగీకరిస్తుందనీ, లేనిచో సహాయ నిరాకరణకు పూనుకుంటుందనీ గాంధీ తీర్మానించగా, బ్రిటిష్ సంబంధాన్ని తెంచుకోనిదే స్వాతంత్ర్యం లేదంటూ సుభాష్ చంద్ర బోస్ సవరణ ప్రతిపాదించారు. విషయ నిర్ణాయక సభలో ఈ రాజీ తీర్మానానికి ఒప్పుకొని బహిరంగ సభలో ఎదిరించడం మాట తప్పడమేనని గాంధీ మందలించారు. సవరణకు 973 ఓట్లు, వ్యతిరేకంగా 1,350 ఓట్లు వచ్చాయి. బోస్ పక్షం ఓడినా దాని వాదం ఓడలేదు: విడిపోయే శక్తి లేనివాడు కలిసి ఉంటున్నానని చెప్పినా ఆ మాటకు విలువ లేదు కనుక, సంయోగం సంయోగమని రుజువు కావాలంటే ముందు విభాగం సాధ్యమని తేలాలి. మరుసటి ఏడాది లాహోరులో కాంగ్రెసు సంపూర్ణ స్వాతంత్ర్యాన్నే లక్ష్యంగా స్వీకరించింది.

ఇరవై ఏళ్ల తరువాత ప్రశ్న తలకిందులైంది. 1949 ఏప్రిల్‌లో లండన్ ప్రకటన ద్వారా, భారతదేశం గణతంత్రంగా ఉంటూనే, రాజును స్వతంత్ర దేశాల స్వేచ్ఛాసంబంధానికి చిహ్నంగా మాత్రమే గుర్తించి, బ్రిటిష్ సామ్రాజ్యం నుంచి రూపొందిన కూటమి అయిన కామన్వెల్తులో కొనసాగడానికి సమ్మతించింది. పట్టాభి సీతారామయ్య అధ్యక్షతన 1948 డిసెంబరులో జైపూరులో జరిగిన కాంగ్రెసు ఇటువంటి స్వేచ్ఛాసంబంధాన్ని అప్పటికే ఆహ్వానించి ఉంది. మే నెలలో రాజ్యాంగ సభ దీనిని ఆమోదించినప్పుడు హస్రత్ మోహానీ, కె. టి. షా వంటివారు ప్రతిఘటించారు. కలకత్తాలో సుభాష్ అన్న శరత్ చంద్ర బోస్‌ కూడా వ్యతిరేకించారు. బ్రిటిష్ సంబంధాన్ని తెంచుకోవాలని 1930 జనవరి 26న కాంగ్రెసు చేసిన ప్రతిజ్ఞ ఏమైనట్టు అన్నది న్యాయమైన ప్రశ్నే.

దీనికి సమాధానం సంయోగం పుట్టుకలో దొరుకుతుంది. వైశేషికుల లెక్కలో సంయోగం ఒకరి క్రియవల్ల కలగవచ్చు, డేగ వచ్చి స్తంభంపై వాలినట్లు. ఇద్దరి క్రియవల్లా కలగవచ్చు, మల్లులిద్దరు ఎదురెదురుగా వచ్చి తలపడినట్లు. ప్రతిజ్ఞ తెంచినది మొదటి రకాన్ని, అంటే ఒకరు వాలగా మరొకరు భరించిన సంబంధాన్ని. 1949లో ఏర్పడినది రెండవ రకం, ఎప్పుడైనా వదులుకోగలది. అదే ఏప్రిల్‌లో ఐర్లండు వైదొలగడం, అంతకుముందు 1948 జనవరిలో బర్మా అసలు చేరకుండానే స్వతంత్రం కావడం ఆ తలుపు నిజంగానే తెరిచి ఉందని చూపాయి.

అయితే తలుపు తెరిచి ఉండడం ఒక్కటే చాలదు. భారతీయులపై జాతివివక్ష పాటిస్తున్నదని 1946లోనే ఐక్యరాజ్య సమితిలో భారతదేశం ఫిర్యాదు చేసిన దక్షిణాఫ్రికా కూడా అదే కూటమిలో ఉంది. సంయోగం అవ్యాప్యవృత్తి, అంటే ఆశ్రయమంతటా వ్యాపించదు: చెట్టు కొమ్మన కోతి ఉన్నా చెట్టు మొదలు వద్ద లేదని నైయాయికులు చెప్పేది ఇదే. కూటమిలో సభ్యత్వం తోటి సభ్యుల నడవడి అంతటికీ సమ్మతి కాదన్నంతవరకు ఈ సూత్రం ఊరట. కాని తాకిన చోట బాధ్యత ఉంటుంది గనుక మౌనానికి అది సాకు కాజాలదు. తోటి సభ్యుల విమర్శ తీవ్రమైన మీదట దక్షిణాఫ్రికా 1961లో వైదొలగడం, లోపల ఉండి పోరాడడానికీ ఫలితం ఉండవచ్చునని చూపింది.

ఐరోపా సమాఖ్య లిస్బన్ ఒప్పందంలోని 50వ అధికరణంతో నిష్క్రమణ మార్గాన్ని చట్టంలోనే రాసుకోవడం, బ్రిటన్ 2020లో ఆ మార్గాన వెళ్లడం ఇదే విచారణకు కొనసాగింపు. తర్కం ఏ కలయిక విడదీయదగినదో, అది ఎవరి క్రియవల్ల పుట్టిందో, ఎంతమేరకు వ్యాపించిందో చెప్పగలదు. విడిపోవడం మేలా కాదా అన్నది చెప్పజాలదు, ఎందుకంటే అది ప్రయోజన విచారణ, దానికి తరతరానికీ తాజా సాక్ష్యం కావాలి. అందుచేత 1928 నాటి సుభాష్ పట్టుదలనూ 1949 నాటి సమ్మతినీ ఒకేసారి సమర్థించడంలో వైరుధ్యం లేదు. ఆ సమ్మతి ఒక్కసారి ఇచ్చినందున ఎల్లకాలం చెల్లుతుందని భావిస్తే మాత్రం, సంయోగాన్ని మళ్లీ సమవాయంగా పొరబడినట్లే అవుతుంది.