వార్ధక్యమున శ్రవణము

గృహభారమును కొడుకులకు, కోడండ్రకు నప్పగించి, శేషజీవితమును భగవచ్చింతనలో గడుపదలచినవారికి రాజుల చరిత్రలతోను, నక్షత్రముల గమనములతోను పనియేమి? ఈ ప్రశ్న నేడు తరచుగా వినవచ్చుచున్నది. ఫ్రాన్సు దేశమందలి తులూజ్ నగరమున 1973లో వృద్ధుల కొఱకే ఒక విశ్వవిద్యాలయము వెలసినది. తెలుగునాట 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయ మేర్పడి, వయస్సు గడచిన పిదప చదువగోరువారికిని ద్వారము తెరచినది. 1985లో హైదరాబాదునందలి బిర్లా నక్షత్రశాల సామాన్య ప్రజలకు ఆకాశమును చూప నారంభించినది. పదవీవిరమణ చేసినవారు సాయంసమయములందు గ్రంథాలయములలోనో, దేవాలయ మండపములలోనో కూడి చరిత్రను, ఖగోళమును గూర్చిన ఉపన్యాసములు వినుట మంచిదని కొందఱందురు. అవసానకాలమున అది వ్యర్థప్రయాస యని కొందఱందురు. పిఠాపురము వంటి క్షేత్రమున నీ ప్రశ్న మఱింత పదునెక్కును. కుక్కుటేశ్వరస్వామియు, పురుహూతికాదేవియు, కుంతీమాధవస్వామియు కొలువుండిన ఊరిలో, పాదగయా పుష్కరిణి చెంత నుండియు, వృద్ధుడు భూమి నీడను గూర్చియు, శిలాశాసనములను గూర్చియు వినవలయునా?

వలదనువారి పక్షము బలహీనమైనది కాదు. ముండకోపనిషత్తు విద్యను పర, అపర యని రెండుగా విభజించి, జ్యోతిషమును అపరవిద్యలలో చేర్చినది. ఛాందోగ్యమున నారదమహర్షి సనత్కుమారుని చేరి, తాను నేర్చిన విద్యల నన్నింటిని వరుసగా చెప్పుకొనెను. ఆ పట్టికలో ఇతిహాసపురాణములును గలవు, నక్షత్రవిద్యయు గలదు. ఇన్ని నేర్చియు తన శోకము తీరలేదని ఆయన విన్నవించుకొనెను. చరిత్రయు, ఖగోళమును నారదునకే దుఃఖమును తీర్పజాలకపోగా, అరువది దాటిన గృహస్థునకు తీర్చునా యని అడుగుట సహజమే.

అయినను ఆ కథను తుదివఱకు చూడవలయును. సనత్కుమారుడు ఆ విద్యలను పాఱవేయుమని చెప్పలేదు. అవియన్నియు నామమే యని తెలిపి, ఆ నామమును ఉపాసింపుమని మొదలిడి, మెట్టు వెంట మెట్టుగా పైకి గొనిపోయెను. మొదటి మెట్టు అల్పమైనదే. కాని అది లేక రెండవదానిపై అడుగిడుట కుదురదు. ముండకము సైతము రెండు విద్యలును తెలియదగినవే యని చెప్పిన పిమ్మటనే వాని తారతమ్యమును నిర్ణయించినది.

ఇంతకంటె ప్రబలమైన నిదర్శనము శ్రీమద్భాగవతమే. పరీక్షిన్మహారాజునకు మిగిలినవి ఏడు దినములు. నేటి వృద్ధులలో ఎవ్వరికిని తమ కాలావధి అంత స్పష్టముగా తెలియదు. అట్టి శ్రోతకు శుకమహర్షి చెప్పినవానిలో పంచమస్కంధమందలి సూర్యగమనము, గ్రహస్థితి, శిశుమారచక్రము గలవు. నవమస్కంధమందలి సూర్యచంద్రవంశముల రాజులు గలరు. ద్వాదశస్కంధమున ఆంధ్రరాజులతోగూడ కలియుగపాలకుల వరుస గలదు. మృత్యువు గుమ్మమున నిలిచియుండగా నిన్ని యేల? మహారాజుల కథలు పరమార్థములు కావనియు, విజ్ఞానమును వైరాగ్యమును కలిగించుటకే వానిని చెప్పితి ననియు శుకుడే తుదిని వివరించెను. కావున విచారింపవలసినది ఆ విషయములు వినవచ్చునా, కూడదా యని కాదు. ఏ దృష్టితో వినవలయునని.

ఆ దృష్టి నిత్యపూజలోనే కలదు. పిఠాపురమున పూజకు కూర్చుండిన గృహస్థు ఆచమించి సంకల్పము చెప్పుకొనును. శ్వేతవరాహకల్పము, వైవస్వతమన్వంతరము, కలియుగమున ప్రథమపాదము, జంబూద్వీపము, భరతవర్షము, శ్రీశైలమునకు ఈశాన్యప్రదేశము. పిదప సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము. ఇన్నిటిని ఉచ్చరించి తుదకు తన గోత్రనామములను చెప్పుకొనును. అనగా భగవంతుని ఎదుట నిలుచుటకు ముందు, అనంతమైన కాలమునను, విశాలమైన దేశమునను తానెక్కడ నున్నాడో చెప్పుకొనుచున్నాడు. మొదటిభాగము చరిత్రకు, భూగోళమునకు సంబంధించినది, రెండవది ఖగోళమునకు. ఏబది సంవత్సరములు నోట పలికిన మాటలకు అర్థము నడుగుట వార్ధక్యమునకు తగని కోరిక కాదు. అర్థ మెఱుగక పలుకుటకంటె ఎఱిగి పలుకుట మేలని వేదాంగములు పుట్టినవి.

దేశకాలముల అర్థము పిఠాపురమున రాళ్లపైననే చెక్కబడియున్నది. ఈ ఊరి ప్రాచీననామము పిష్టపురము. క్రీస్తుశకము నాల్గవ శతాబ్దమున సముద్రగుప్తుడు జయించిన దక్షిణరాజులలో పిష్టపురాధీశుడగు మహేంద్రుని పేరు హరిషేణుని ప్రశస్తియందు, అలహాబాదు స్తంభముపై కానవచ్చును. చాళుక్యచక్రవర్తియగు రెండవ పులకేశి ఈ దుర్గమును పట్టెను. కన్నడదేశమందలి ఐహొళె శాసనమున రవికీర్తి పిష్టశబ్దముపై శ్లేషించి, కోట పిండి యైనదని చమత్కరించెను. ఆ శాసనము కాలమును రెండు విధముల లెక్కించుచున్నది: భారతయుద్ధము మొదలు 3735 సంవత్సరములు, శకకాలము 556. అది క్రీస్తుశకము 634వ సంవత్సర ప్రాంతము. పిఠాపురవాసి సంకల్పమున చెప్పు కలియుగగణనయు, ఆతని ఊరి పరాజయమును ఒకే రాతిపై నున్నవి.

ఆ పరాజయము వలన నేమి కలిగినది? పులకేశి తన తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుని తూర్పుసీమలపై నిలిపెను. ఆతని సంతతి వేంగీచాళుక్యులు. ఆ వంశమున నాలుగువందల ఏండ్లకు రాజరాజనరేంద్రుడు జన్మించి, రాజమహేంద్రవరమున నన్నయభట్టారకునిచే ఆంధ్రమహాభారతము నారంభింపజేసెను. కోట కూలినదినమున దుఃఖించిన పిష్టపురవాసు లెవ్వరికిని ఆ శోకపుగొలుసు తుదిని భారతము తెలుగైనదని తెలియదు. తమ జీవితమందలి ఓటములను లెక్కించుకొనుచు కూర్చుండు వయస్సున ఇట్టి చరిత్ర వినుట వ్యర్థము కాదు. ఫలము కర్త కన్నులకు కనబడవలెనను నియమము లేదని గీతార్థమును అది ఉదాహరణముతో చూపుచున్నది. కుంతీమాధవస్వామి ఆలయమందలి స్తంభముపై శకవర్షము 1108, అనగా క్రీస్తుశకము 1186 నాటి పృథ్వీశ్వరుని శాసనము గలదు. ప్రదక్షిణము చేయువారు ఒక క్షణము నిలిచి, ఈ రాయి ఏమి చెప్పుచున్నదని అడిగిన అపచారము కాదు.

చరిత్రకు సాక్షి ఆకాశము. గోదావరీతీరమందలి కోరుమిల్లిలో దొరకిన తామ్రశాసనము రాజరాజనరేంద్రుని పట్టాభిషేకముహూర్తమును చెప్పుచున్నది: శకము 944, సూర్యుడు సింహమున, కృష్ణపక్ష ద్వితీయ, గురువారము, ఉత్తరాభాద్ర. గణితజ్ఞులు వెనుకకు లెక్కించి చూడగా అది 1022 ఆగస్టు 16వ తేదీ యైనది. వారము, తిథి, నక్షత్రము మూడును సరిపోవుచున్నవి. ఆ పట్టాభిషేకమునకు తొమ్మిదివందల సంవత్సరములు నిండిన 1922లో, రాజమహేంద్రవరమున భావరాజు వేంకటకృష్ణారావు ప్రభృతులు ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని స్థాపించిరి. చంద్రుడు తన నడకను తప్పడు గనుక మానవుని మాట నేటికిని నిజమని తేలుచున్నది.

ఇక క్లిష్టమైన విషయము. ఉపన్యాసమున ఒక వృద్ధురాలు గ్రహణము చంద్రునిపై పడు భూమినీడ యనియు, సూర్యునకు అడ్డము వచ్చు చంద్రబింబ మనియు వినినది. రాహువు మ్రింగుటయే గ్రహణమని నమ్మి చిన్ననాటినుండి పుష్కరిణిలో గ్రహణస్నానము చేసినది. ఇన్ని స్నానములును వ్యర్థములేనా యని ఆమె అడిగినచో ఏమి చెప్పవలయును? ఈ ప్రశ్నకు నవ్వువాడు బోధకుడు కాడు. కసరి నోరుమూయించువాడు భక్తుడు కాడు.

నీడ యను మాట పరదేశమునుండి వచ్చినది కాదు. 499వ సంవత్సర ప్రాంతమున ఆర్యభటుడు దానిని చెప్పెను, వరాహమిహిరుడు సమర్థించెను. భాస్కరాచార్యుడు 1150లో రాహువు ఆ నీడయందు ప్రవేశించునని పురాణముతో సమన్వయము చేసెను. పంచాంగకర్త గ్రహణకాలమును గణించునపుడు నీడనే గణించును. గణితము ముగించి ఆతడే స్నానమునకు పోవును. మీమాంసకులు విధి వేఱు, అర్థవాదము వేఱు అని విడదీసిరి. స్నాన, దాన, జపములు విధి. కథ దానియందు ప్రీతిని పుట్టించునది. ఆ తల్లి స్నానము చేసినది పామునకు వెఱచి కాదు, దేవునకు నమస్కరించి. ఆ నమస్కారము ఎక్కడికిని పోలేదు.

అయినను పోవలసిన దొకటి కలదు, అది భయము. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము కలిగినపుడు ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్సన్ గుంటూరునకు వచ్చి సూర్యుని అంచున లేచు జ్వాలలకాంతిని పరిశీలించెను. ఆనాటి పరిశీలనలు హీలియమను మూలకమును కనుగొనుటకు దారితీసినవి. 1980 ఫిబ్రవరి 16న మరల పూర్ణగ్రహణచ్ఛాయ తెలుగునేలపై సాగినది. అనేకులు తలుపులు మూసికొని యుండిరి. సూర్యుని ఉత్తకంటితో చూడరాదనుట సత్యము. కాని గర్భిణిని చీకటిగదిలో కదలకుండ నుంచుట, రోగికి పథ్యము మాన్పుట ధర్మము కాదు. బాలురకు, వృద్ధులకు, రోగులకు ఉపవాసనియమమున ధర్మశాస్త్రమే మినహాయింపు నిచ్చినది. ఇంటిలో పెద్దది భయము విడిచిన, కోడలికి ఆ చీకటి తప్పును. వార్ధక్యమున వినిన విద్యకు ఇంతకంటె దానఫల మేమి కావలయును?

సమన్వయము వెంటనే కుదురని విషయములును గలవు. సంక్రాంతినుండి ఉత్తరాయణమని సంకల్పము చెప్పుదుము. సూర్యుడు ఉత్తరమునకు మఱలుట డిసెంబరు 21, 22 తేదీలలోనే జరుగుచున్నది. దీనిని పరీక్షించుటకు యంత్రములు వలదు. సమతలమున పండ్రెండంగుళముల శంకువును నాటి మధ్యాహ్నచ్ఛాయను కొలిచినచో, పిఠాపురమున ఆ దినములలో నీడ సుమారు పదింబావు అంగుళములుండును. సంక్రాంతినాటికి తొమ్మిదిన్నరకు తగ్గియుండును. అయనబిందువు సుమారు 72 సంవత్సరములకు ఒక భాగ చొప్పున జరుగును. వరాహమిహిరుడు సైతము పూర్వము ధనిష్ఠాదియందుండిన ఉత్తరాయణము తన కాలమున మకరాదికి వచ్చినదని వ్రాసి, సందేహమున్నచో ప్రత్యక్షముగా పరీక్షింపుమనెను. డెబ్బదిరెండేండ్లు నిండిన ప్రతి వృద్ధుడును తన జీవితమున ఆకాశము ఒక భాగ కదలుటను దాటివచ్చినవాడే. పండుగదినమును పెద్దలందఱు కూడి విచారింపవలసినదే గాని, ఒక్కడు తనంత విడువదగినది కాదు. కాని నీడను చూచియు చూడనట్లు నటించుట మాత్రము భక్తి యనిపించుకొనదు. సత్యస్వరూపుడని కొలుచువానియెదుట అసత్యపు మెలకువ యేల?

మాఘమాసపు రాత్రులలో పిఠాపురమున నిలిచిన వారికి ఉత్తరమున పదునేడు భాగల ఎత్తున ధ్రువుడు, దక్షిణమున ఇంచుమించు ఇరువది భాగల ఎత్తున అగస్త్యుడు ఒకే ఆకాశమున కనబడుదురు. ఒకడు బాల్యముననే తపస్సు చేసి కదలని స్థానమును పొందినవాడు. మఱియొకడు లోకహితమునకై ఇల్లు విడిచి దక్షిణమునకు నడచినవాడు. చూపు మందగింపకముందే మనుమని చేయి పట్టుకొని ఆ రెండు నక్షత్రములను చూపి, వాని పేర్లు చెప్పుట తాతకు మిగిలిన విధులలో ఒకటి. మఱునాటి ప్రాతఃకాలమున ఆతడు చెప్పు సంకల్పమున ఒక్క అక్షరమును మారదు. చెప్పువాడు మాత్రము తానున్నచోటు నెఱిగినవాడై యుండును.