దిగేవాడి ప్రాణం

చిరంజీవికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు మీ అక్క పెద్దగా చేసి చూపించింది. ఇంటెనుక దొడ్డిలో పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గుంత. లోపల ఇద్దరు మనుషులు, తండ్రీ కొడుకులట. వాళ్ల తలలు నేల మట్టానికి కిందనే ఉన్నాయంటే ఏడడుగులు దాటినట్టే. ‘ఇంకో నాలుగడుగులు దిగితే బంకర్ అయిపోతది పెద్దబాపూ’ అని కింద రాశావు. ఫోన్‌లో మాట్లాడితే నువ్వు నీ లెక్క చెబుతావు, నేను గొంతు పెంచుతాను, ఇద్దరం ఏమీ వినకుండానే పెట్టేస్తాం. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కూర్చుని చదువు బిడ్డా.

నీ భయాన్ని నేను తక్కువ చేయను. టెల్ అవీవ్ పక్కన ఒక ముసలాయన సేవకు కుదిరిన నువ్వు, సైరన్ మోగితే తొంభై సెకన్లలో ఆయన్ను చక్రాల కుర్చీతో సహా భద్రమైన గదిలోకి తోసి తలుపు బిగించినవాడివి. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు వచ్చిన పన్నెండు రోజులూ అక్కడే ఉన్నావు. చొప్పదండికి వచ్చాక కూడా బారాత్‌లో పటాకులు పేలితే ఉలిక్కిపడి లేస్తున్నావని మీ అమ్మ చెప్పి ఏడ్చింది. అంత చూసి వచ్చినవాడికి తన తల్లికి దాగే చోటు ఉండాలనిపించడం తప్పు కాదు. అది ప్రేమే.

కానీ ఒక్కటి గుర్తు తెచ్చుకో. అక్కడ నిన్ను కాపాడింది గుంత కాదు. ‘మమాద్’ అని నువ్వే చెప్పావు కదా, అది ఇంట్లోనే ఒక గది. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ స్కడ్ క్షిపణులు పడ్డాక, కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ అలాంటి గది ఉండాలని ఆ దేశం చట్టం చేసింది. మందమైన కాంక్రీటు గోడలు, ఉక్కు తలుపు, ఉక్కు కిటికీ. ఎనిమిదో అంతస్తులో ఉండేవాడికి ఎనిమిదో అంతస్తులోనే ఉంటుంది. ఇంజనీరు గీత గీసి, కడ్డీ లెక్క కట్టి, ఇంటితో పాటే పైకి లేపిన గది అది. దాని పేరు చెప్పి మన దొడ్డిలో గడ్డపార దించడం ఎక్కడి పొంతన?

నా ఉద్యోగమంతా గోదావరిఖని బొగ్గుబాయిల్లో గడిచింది. భూమి కిందికి దిగడం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. షిఫ్టులో మనుషులను పనిచోటికి పంపే ముందు పైకప్పును కర్రతో తట్టి చూస్తాం. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర విడిన కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ డొల్ల చప్పుడు చెవిన పడిందంటే ఎంత పెద్ద ఆఫీసరు తొందరపెట్టినా ఒక్కరూ అడుగు ముందుకెయ్యరు. దిమ్మెలు నిలిపి, బోల్టులు దించి, మళ్లీ తట్టి విన్న తర్వాతే పని. రాయి కనీసం అలా పలుకుతుంది. మట్టి అదీ పలకదు. నీ దొడ్డిలో పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద ఎక్కడో గ్రానైటు. నువ్వు తవ్వుతున్నదంతా ఆ పలకని భాగంలోనే.

మూడో ఫొటోను మళ్లీ చూడు. తూర్పు గట్టు అంచు నుంచి మూరెడు దూరంలో, అంచు వెంబడే వెంట్రుకంత సన్నని నెర్రె సాగింది. తవ్విన మట్టి కుప్ప కూడా ఆ గట్టు మీదే ఉంది. ఆ నెర్రె అక్కడి మట్టి గట్టు నుంచి అప్పుడే విడిపోయిందని చెబుతోంది. ఇక పడటమే మిగిలింది. ఒక్క వాన, లేదా పక్క బాటన పోయే ట్రాక్టరు అదురు చాలు.

‘మట్టే కదా, పడితే తోడి తీస్తాం’ అనుకుంటారు అందరూ. ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర నుంచి రెండు టన్నులు తూగుతుంది. మనిషి తల మునగనక్కర్లేదు. ఛాతీ దాకా కూరుకుపోతే చాలు. ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకొంచెం బిగుస్తుంది, మళ్లీ పీల్చడానికి ఛాతీ లేవదు. పార పట్టుకుని పైవాళ్లు దిగేలోపే అయిపోతుంది, దిగినవాళ్ల మీద రెండో పెళ్ల పడుతుంది. బావి పూడిక తీస్తుండగా మట్టిపెళ్లలు విరిగిపడి కూలీలు చనిపోయారని పేపర్లో మూలన రెండు వరుసలు వస్తుంటాయి చూడు, వాళ్లంతా ఇలా పోయినవాళ్లే. అయిదడుగులు దాటిన గుంతకు దాపు కట్టాలని, లేదా గట్లను వాలుగా కోయాలని, తీసిన మట్టిని అంచుకు దూరంగా పోయాలని నియమాలున్నది అందుకే.

మన దగ్గర భూమి లోపల పెద్ద పని జరగలేదా అంటావేమో. రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో, మనకు పక్కనే, కాళేశ్వరం గాయత్రి పంపుహౌస్ ఉంది. ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లు ఏడు, అన్నీ నేల కిందే. వాళ్లు గట్టి రాయిని వెతుక్కుని దాన్ని తొలిచారు. అంత పనికి ముందు ఆ రాయి గుణం చూసి లెక్కలు కట్టిన నిపుణులు ఎందరో. అంత లెక్క ఉన్నచోట కూడా భూమి మాట తప్పుతుంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కప్పు కూలి 8 మంది లోపల చిక్కుకున్నారు. సైన్యం వెళ్లింది, మన సింగరేణి రెస్క్యూ బృందాలు వెళ్లాయి. ఒక్కరినీ ప్రాణాలతో తేలేకపోయారు. ఇక నీ గుంతకు ఉన్న రక్షణ ఏమిటి? ఆ తండ్రీ కొడుకుల నడుముకు తాడు కూడా లేదు.

గుంత నిలిచిందనే అనుకుందాం. పైన స్లాబు వేసి మూడడుగుల మట్టి కప్పుతానన్నావు. పది బై పది గది మీద ఆ మట్టే పదిహేను టన్నులు, తడిస్తే ఇంకా ఎక్కువ. మామూలు ఇంటి స్లాబు అంత బరువుకు కట్టింది కాదు. ఎస్సారెస్పీ కాలువ నీళ్లు పారే నేల మనది. మంచి వానలు పడ్డ ఏడాది ఊట ఎంత పైకి వస్తుందో మన బాయి చూసి పెరిగినవాడివి. నీళ్లు లోపలికి రాకుండా కడితే ఖాళీ గది కింద నీళ్లు చేరి దాన్నే పైకి ఎత్తవచ్చు. కొత్త సంపులు లేచిపోవడం గురించి మేస్త్రీలను అడుగు, చెబుతారు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయారు. అప్పటి నుంచి భూమి కింద చెమ్మ కనబడితే నా కడుపులో దేవినట్టవుతుంది.

గాలి సంగతి మన పాతకాలపు వాళ్లకు బాగా తెలుసు. జొన్నల పాతర తెరిచిన వెంటనే ఎవరినీ దింపేవాళ్లు కాదు. గింజ లోపల గాలిని తినేసి చెడుగాలి వదులుతుంది. ముందు దీపం దింపి, అది నిలిస్తేనే మనిషి. మా సేఫ్టీ ల్యాంపుదీ అదే పని, ఆక్సిజన్ పదహారు శాతానికి పడిపోతే ఆరిపోతుంది. రేపు నువ్వు మీ అమ్మను, పిల్లలను లోపల పెట్టి మూత బిగిస్తే, తెల్లారేసరికి మీ ఊపిరే మీకు విషం. ఎవరూ క్షిపణి వేయనక్కర్లేదు.

ఇవన్నీ పనితనం మాటలు. నేను ఉత్తరం రాసింది వీటి కోసం కాదు. పనితనం కొనుక్కోవచ్చు. నన్ను నిద్రపోనివ్వనిది నీ ఇంకో మాట: ‘గుత్తకు ఇచ్చిన పెద్దబాపూ, మంచి చెడ్డ వాళ్లే చూసుకుంటరు.’

గుత్త అంటే వాళ్ల చేతుల పనికి ఇచ్చావు బిడ్డా, వాళ్ల ప్రాణానికి కాదు. గుత్త పనిలో ఎంత తొందరగా దిగితే అంత లాభం. దాపు కట్టిన రోజు కూలి లేని రోజు. కాబట్టి వాళ్లు కట్టరు. అది వాళ్ల మూర్ఖత్వం కాదు, నువ్వు మాట్లాడిన బేరంలోనే ఆ తొందర ఉంది. వడ్డెరోళ్లు తరతరాలుగా మన బావులు తవ్వారు, చెరువు కట్టలు పోశారు. బావి ఊరికి నీళ్లిచ్చింది, ఆ అపాయంలో నలుగురి దాహం ఉంది. ఈ గుంతలో ఉన్నది నీ ఒక్కడి భయం. ఇరాన్‌కూ ఇజ్రాయెల్‌కూ పడని పగకు, చొప్పదండిలో పద్దెనిమిదేళ్ల పిల్లవాడు గట్టు కింద ఎందుకు నిలబడాలి?

ఇది నా ఊహ అనుకోకు. 2017 సెప్టెంబరులో అమెరికా మేరీల్యాండ్‌లోని బెథెస్డాలో ఇలాగే జరిగింది. ఉత్తర కొరియా అణుబాంబు వేస్తుందని భయపడ్డ ఒక డబ్బున్న యువకుడు తన ఇంటి కింద రహస్యంగా సొరంగాలు తవ్వించాడు. చోటు తెలియకూడదని, తవ్వేవాడికి చూపు ఆనని కళ్లద్దాలు పెట్టి తీసుకెళ్లేవాడు. ఒకరోజు ఇంటి అడుగున మంటలు లేచి, తవ్వడానికి వచ్చిన 21 ఏళ్ల కుర్రాడు బయటపడలేక చనిపోయాడు. బాంబు ఎన్నడూ రాలేదు. తవ్వించినవాడిని కోర్టు దోషిగా తేల్చింది, నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం పైకోర్టులోనూ నిలిచింది. ఆ వార్త చదివినప్పుడు ఆ కుర్రాడి తల్లిదండ్రులను తలుచుకున్నాను. ఇప్పుడు మన దొడ్డిలో ఉన్న తండ్రిని తలుచుకుంటున్నాను. కొడుకు మీద మట్టి పడితే ఆయన గట్టు మీద నిలబడి చూస్తాడా? దూకుతాడు. రెండు శవాలు లేస్తాయి.

బంకర్లు నిజంగా కావలసిన ఊళ్లూ మన దేశంలో ఉన్నాయి. జమ్మూ కశ్మీర్ సరిహద్దు పల్లెలకు కేంద్రం 14,460 బంకర్లు మంజూరు చేసింది, అందులో ఇళ్లకు విడిగా కట్టేవీ, వాడకట్టంతా దాగేవీ ఉన్నాయి. అక్కడి రైతు పొలంలో ఉండగా గుండు పడుతుంది, అతనికి అది అవసరం. మన చెలకల్లో మనిషిని చంపేవి పిడుగు, వడదెబ్బ, మోటారు దగ్గర కరెంటు. నీకు ఖర్చు పెట్టే మనసుంటే ఇంటికి ఆనుకుని నేల మీదే ఒక గట్టి గది కట్టు. ఇంజనీరుతో గీయించు, మున్సిపాలిటీ అనుమతి తీసుకో, వైరింగుకు ఎర్తు సరిగా వేయించు. ఉరుములప్పుడు బాట మీద పోయేవాళ్లు కూడా వచ్చి కూర్చునేలా తలుపు వీధి వైపు పెట్టు. లంకెబిందెల కోసం తవ్వుతున్నావని వాడకట్టులో పుట్టిన పుకారు కూడా దాంతో పోతుంది.

నీ నిద్ర సంగతి వేరు. దానికి గోడలు చాలవు. కరీంనగర్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి పోదాం, నేనూ వస్తాను. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. గనిలో ప్రమాదం చూసి బయటపడ్డ నా జతగాళ్లు కొందరు ఏళ్లకేళ్లు లైటు వేసుకునే పడుకున్నారు, వాళ్లకు అప్పట్లో ఎవరూ ఈ మాట చెప్పలేదు.

ఇప్పుడు చేయవలసింది చెబుతున్నాను. ఈ పొద్దే పని ఆపు, గుంత పూడ్పించు. ముందు దాని చుట్టూ, అంచుకు రెండు బారల దూరంలో కంప వేయించు. పక్కింటి పిల్లలు అటు రాకూడదు. తట్టా పారా లోపలే ఉండిపోతే పోనీ, తేవడానికి ఎవరూ దిగొద్దు. పూడ్చేటప్పుడు కూడా అంతే, కుప్పను పైనుంచి, నెర్రె లేని వైపు నుంచే నెట్టించు. జేసీబీ అంచుకు రానివ్వకు. వాళ్లిద్దరికీ మాట్లాడుకున్న గుత్త మొత్తం ఇచ్చెయ్. పని సగమే అయింది కదా అని తగ్గించకు, పని ఆపింది నువ్వు. డబ్బు తక్కువైతే మీ అక్కకు ఫోన్ చెయ్, నేను పంపిస్తాను.

ఆదివారం ఉదయం మొదటి బస్సుకు బయలుదేరి వస్తున్నాను.

ఇట్లు,
మీ పెద్దబాపు