గొంతు మారిన తరువాత

1968 మార్చి 30న న్యూయార్కు నగరంలో, పాడుబడిన ఒక ఇంట్లో ఆడుకుంటున్న ఇద్దరు పిల్లలకు ఒక యువకుని శవం కనిపించింది. అతని ఊరూ పేరూ ఎవరికీ తెలియలేదు. దిక్కులేనివారిని పూడ్చే హార్ట్ ద్వీపానికి తీసుకొనిపోయి, పేరు లేకుండానే పాతిపెట్టారు. మరుసటి సంవత్సరం ఒక తల్లి, భర్త చావుబ్రతుకుల్లో ఉండగా, తన కుమారుడు ఎక్కడున్నాడో వెదకిపెట్టమని వేడుకున్నది. వేలిముద్రలు కలిశాయి. అతడు బాబీ డ్రిస్కాల్. చనిపోయేనాటికి వయస్సు 31.

ఈ పేరు మనలో చాలామందికి తెలియదు. కాని 1953లో వచ్చిన డిస్నీ వారి 'పీటర్ పాన్' బొమ్మల చిత్రాన్ని మన పిల్లల్లో కొందరైనా చూసి ఉంటారు. ఎన్నటికీ పెద్దవాడు కాని ఆ బాలునికి గొంతు ఇచ్చినవాడు ఇతడే. అంతకు ముందే, 1950లో, బాలనటునిగా ఆస్కారు ప్రత్యేక బహుమతి అందుకున్నాడు. అయితే బొమ్మలోని బాలుడు పెరగలేదు గాని ఇతడు పెరిగాడు. గొంతు మారింది, ముఖం నిండా మొటిమలు లేచాయి. చిత్రం విడుదలైన ఏడాదే స్టూడియోతో సంబంధం తెగిపోయింది. తరువాత మత్తుమందులు, జైలు.

తప్పు ఎవరిది? సినిమావాళ్ళు అంతేనని చేతులు దులుపుకోవడం తేలిక. మత్తుమందు పట్టుకున్నది అతని చెయ్యే, నేను కాదనను. బాలనటుల సంపాదనలో కొంత వారికే దాచిపెట్టాలని కాలిఫోర్నియాలో 1939లోనే చట్టం చేశారు. డబ్బుకు కాపలా పెట్టారు, మంచిదే. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న పిల్లవాణ్ణి ఈరోజు కూడా పలకరించమని ఏ చట్టం చెబుతుంది?

అంత దూరం ఎందుకు, మన విచారణలోనే చూడండి. క్రిస్మస్ రాత్రి పూజలో ఎనిమిదేళ్ళ బిడ్డ కీర్తన పాడితే గుడి అంతా మురిసిపోతుంది. పూజ అయ్యాక అమ్మలు బుగ్గలు పుణుకుతారు, ఫాదర్ గారు బహుమతి ఇస్తారు. పదమూడో ఏట గొంతు బొంగురుపోతుంది, మైకు మరో బిడ్డ చేతికి పోతుంది. అది తప్పదు. కాని ఆ పిల్లవాడు ఆ తరువాత గుడిలో ఎక్కడ నిలబడుతున్నాడో మనలో ఎవరు గమనించారు? మొదట వెనుక బెంచీ, పిమ్మట తలుపు దగ్గర చెప్పుల వద్ద, ఆ పిమ్మట అసలు కనబడడు. అప్పుడు మనం, ఈ కాలపు కుర్రాళ్ళకు భక్తి లేదంటాం!

శిష్యులు గద్దించినా యేసు ప్రభువు దగ్గరకు పిలిచిన పిల్లలు ఆయన ముందు పాట పాడినట్లు గాని, పద్యం అప్పజెప్పినట్లు గాని సువార్తలో లేదు. ఏ విద్యా చూపకుండా ఊరికే వచ్చారు. ఆయన చేతులు చాచి దీవించాడు. బిడ్డ ప్రతిభను మెచ్చుకోవడం పాపం కాదు, అది సర్వేశ్వరుడిచ్చినదే. కాని మెచ్చుకున్నంత మాత్రాన ఆ బిడ్డను ప్రేమించినట్లేనా? ఆ ప్రతిభ పోయిన రోజున గాని మనకే తెలియదు.

బాబీ తండ్రి సమాధి రాతిమీద కొడుకు పేరు కూడా చెక్కించారు. అతని శరీరం మాత్రం ఆ ద్వీపంలోనే ఉండిపోయింది.